కుర్చీ బరువు తీసేశారా? డయాలసిస్ గదిలో పనిచేసే ఆయాలకు, వార్డు బాయ్‌లకు శిక్షణ కోరుతూ బహిరంగ లేఖ

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ ఉన్నతాధికారులకు, ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల వైద్యాధికారులకు, డయాలసిస్ యూనిట్లు నడుపుతున్న ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు, యాజమాన్యాలకు

నమస్కారం.

నేను విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంటాను. ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. నా భార్యకు రెండు మూత్రపిండాలూ పనిచేయడం మానేసి నాలుగేళ్లయింది. మిషన్‌తో రక్తం శుభ్రం చేసే డయాలసిస్‌కు మంగళ, గురు, శనివారాల్లో పొద్దున ఆరు గంటల షిఫ్టు మాది. వారానికి మూడు, ఏడాదికి 156, నాలుగేళ్లకు 624. ఒక్కోసారి నాలుగు గంటలు. లెక్క కట్టడం వృత్తిలో పట్టుకున్న అలవాటు, ఏమీ అనుకోకండి. ఆ లెక్కన దాదాపు రెండున్నర వేల గంటలు డయాలసిస్ గది బయట బల్ల మీద కూర్చున్నాను. అద్దాల తలుపులోంచి లోపల జరిగేది చూస్తూనే ఉన్నాను.

మంచిమాట ముందు చెబుతాను. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పటి నుంచి, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో, పేదవాడు కార్డు చూపిస్తే డయాలసిస్ చేస్తున్నారు. 2016లో కేంద్రం కూడా జాతీయ డయాలసిస్ కార్యక్రమం మొదలుపెట్టింది. మా పక్క బెడ్లలో ఉండేవాళ్లలో ఎక్కువమంది కార్డు మీద వచ్చేవారే. ఆ కార్డు లేకపోతే వాళ్లలో చాలామంది ఈపాటికి లేరు. ఈ మేలు చేసిన ప్రభుత్వాలన్నిటికీ దండం పెడతాను. దండం పెట్టినవాడు అడగకూడదని లేదు కాబట్టి ఇక అడుగుతాను.

ఆయాలకు, వార్డు బాయ్‌లకు శిక్షణ లేదన్న విషయం నేను నోటిమాటగా ఒకసారి, కాగితం మీద రెండుసార్లు చెప్పాను. ఒక కార్యాలయంలో అర్జీ ఇస్తే పది రోజులకు ఫోనుకు సమాచారం వచ్చింది, నా అర్జీ పరిష్కారమైపోయిందని. ఏం పరిష్కరించారో, ఎవరిని అడిగి పరిష్కరించారో నాకు తెలియదు. నన్ను పిలిచి అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను. ఆసుపత్రి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. రాస్తే వేటు పడేది ఔట్‌సోర్సింగ్‌లో నాలుగు రాళ్లు సంపాదించుకునే ఆయా మీదే. నా ఫిర్యాదు ఆమె మీద కాదు. ఆమెకు ఏమీ నేర్పకుండా ఆ గదిలోకి పంపినవారి మీద.

డయాలసిస్ గదిలో పని ఎలా సాగుతుందో చూడనివారికి రెండు ముక్కల్లో చెబుతాను. డాక్టరుగారు రౌండ్సుకు వచ్చి వెళతారు. టెక్నీషియన్ సూదులు గుచ్చి, మిషన్ నడిపించి, పక్క బెడ్డుకు పోతారు. స్టాఫ్ నర్సు మందులు, కాగితాలు చూసుకుంటూ గదంతా తిరుగుతూ ఉంటారు. ఆ నాలుగు గంటలూ రోగిని ముట్టుకునే చేతులు ఆయావి, వార్డు బాయ్‌వి. ప్రభుత్వ కాగితాల్లో వీళ్లను ఎఫ్ఎన్ఓ (ఫిమేల్ నర్సింగ్ ఆర్డర్లీ), ఎంఎన్ఓ (మేల్ నర్సింగ్ ఆర్డర్లీ) అంటారు. ప్రైవేటులో జీడీఏ (జనరల్ డ్యూటీ అసిస్టెంట్) అంటారు, అటెండరు అంటారు. బరువు చూసేది, బెడ్డు ఎక్కించేది, దుప్పటి కప్పేది, వాంతి పట్టేది, సూది తీశాక దూది నొక్కిపెట్టేది, నెత్తుటి మరక తుడిచేది వీళ్లే. డయాలసిస్ అంటే ఏమిటో వీళ్లను ఒక పూట కూర్చోబెట్టి చెప్పినవారు లేరు. నేను అడిగాను కాబట్టి తెలుసు. "నిన్నటిదాకా ఓపీలో చీటీలు ఇచ్చాను బాబాయిగారూ, ఇవాళ ఇక్కడ వేశారు" అంది ఒక అమ్మాయి. అంతే, అదే ఆమె శిక్షణ.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు టికెట్టు కొట్టడానికి, చిల్లర లెక్క చూపడానికి శిక్షణ ఇచ్చారు. తర్వాత టికెట్ మిషన్లు వచ్చినప్పుడు మళ్లీ రోజంతా కూర్చోబెట్టి నేర్పారు. తప్పు టికెట్టు కొడితే పోయేది ఐదు రూపాయలు. డయాలసిస్ గదిలో తప్పు పడితే ఏం పోతుందో కింద రాస్తున్నాను. ఇవన్నీ నేను కళ్లారా చూసినవి. ఒకటి గమనించండి, వీటిలో మూడు తప్పులు నిర్లక్ష్యంతో జరగలేదు. దయతో జరిగాయి.

1. బరువు

నా భార్య నడవలేని రోజుల్లో చక్రాల కుర్చీతో సహా తూకం మీదకు ఎక్కిస్తారు. వచ్చిన అంకెలోంచి కుర్చీ బరువు తీసేసి కాగితం మీద రాస్తారు. ఆమె ఉండవలసిన బరువు 52 కిలోలు. దాన్నే డ్రై వెయిట్ అంటారు. అంతకు మించి ఎంత ఉంటే అంత ఒంట్లో చేరిన నీరని లెక్క. కిలోకు లీటరు. ఆ లెక్క ప్రకారమే మిషన్‌లో ఎంత నీరు తీయాలో పెడతారు.

ఒక గురువారం పాత కుర్చీ చక్రం విరిగి వేరే కుర్చీ తెచ్చారు. పాతది 16 కిలోలు. కొత్తది 18. ఓపీ నుంచి వచ్చిన ఆ అమ్మాయి అలవాటు కొద్దీ 16 తీసేసింది. ఆ రోజు నా భార్య నిజంగా ఉన్నది 54. కాగితం మీద పడింది 56. టెక్నీషియన్ ఆ అంకె చూసి, "ఏమ్మా, నాలుగు కిలోలా? నీళ్లు చూసుకుని తాగమని ఎన్నిసార్లు చెప్పాలి?" అని కోప్పడ్డారు. ఆమె తల దించుకుంది. మే నెల ఎండల్లో విజయవాడలో గొంతు తడుపుకోవడానికి మంచు ముక్క నోట్లో పెట్టుకుని రోజులు నెట్టిన మనిషి. గ్లాసు మీద గీత గీసి కొలుచుకుని తాగే మనిషి. ఆ మాట ఎదురు చెప్పలేక మిషన్‌కు చెయ్యి అప్పగించింది.

రెండు లీటర్లు తీయవలసిన చోట నాలుగు లీటర్లకు పెట్టారు. మూడో గంటలో కాళ్లు కొయ్యబారిపోయాయి. పిక్కలు మెలిపడుతుంటే అరిచింది. అంతలోనే బీపీ పడిపోయి స్పృహ తప్పింది. సెలైన్ ఎక్కించి, నీరు తీయడం ఆపి, కాళ్లు ఎత్తిపెట్టి తేర్చారు. తర్వాత అంతా సద్దుమణిగాక నేనే కుర్చీని ఖాళీగా తూకం మీద పెట్టించాను. 18.

ఆ అమ్మాయి ఏడ్చింది. "బరువు ఎందుకు చూస్తామో నాకు తెలియదు బాబాయిగారూ, రాయమంటే రాశాను" అంది. మర్నాడు షిఫ్టుకు వచ్చేసరికి తన గోళ్ల రంగుతో కుర్చీ వెనకాల 18 అని రాసిపెట్టింది. ఎర్రగా, పెద్దగా. ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ అంకె ఎందుకో ఒక్కసారి తెలిస్తే మనిషి ఎంత జాగ్రత్తపడుతుందో చూడండి.

2. దుప్పటి

గదిలో ఏసీ. ఒంట్లో నెత్తురంతా బయటికి వచ్చి తిరిగి లోపలికి పోతుంటే రోగికి చలి వేస్తుంది. ఎదురు బెడ్డు పెద్దాయన వణుకుతుంటే ఒక వార్డు బాయ్ దుప్పటి తెచ్చి గడ్డం దాకా కప్పాడు, చేతులు కూడా లోపలికి సర్ది. కన్నకొడుకైనా అంత శ్రద్ధగా కప్పడు. కాసేపటికి పక్క బెడ్డు ఆమె "నేల మీద ఏదో ఎర్రగా ఉంది" అని కేక వేసింది. సూది జారిపోయింది. దుప్పటి కింద రక్తం పరుపులోకి పోతూ ఉంది.

మిషన్ నిమిషానికి సుమారు 300 మిల్లీలీటర్ల రక్తాన్ని తిప్పుతుంది. తిరిగి లోపలికి పంపే సూది ఊడితే ఆ రక్తమంతా బయటికే. మూడు నిమిషాలు దాటితే లీటరు. 52 కిలోల మనిషి ఒంట్లో ఉండే మొత్తం రక్తం మూడున్నర లీటర్లకు అటూ ఇటూ. అలారం మోగదా అంటారేమో. మోగాలి, కానీ ప్రతిసారీ మోగదు. అందుకే సూదులున్న చెయ్యి ఎప్పుడూ కళ్లకు కనబడేలా ఉంచాలన్నది డయాలసిస్‌లో మొదటి పాఠం. దుప్పటి కప్పవచ్చు, ఆ చెయ్యి మాత్రం బయట ఉండాలి. ఈ ఒక్క వాక్యం చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఆ పెద్దాయన బతికారు. అదృష్టం. ఆ వార్డు బాయ్ మాత్రం వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదని తోటివాళ్లు చెప్పారు.

3. ఫిస్టులా చెయ్యి

ముంజేతి దగ్గర ధమనినీ సిరనూ కలిపి ఆపరేషన్ చేస్తారు. దాన్నే ఫిస్టులా అంటారు. అది కుదురుకుని సూదులకు పనికిరావడానికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది. దాని మీద చెయ్యి ఆన్చితే సన్నగా అదురుతుంది. డిపోలో స్టార్టు చేసి ఉన్న బస్సు బానెట్ మీద చెయ్యి వేసినట్టు ఉంటుంది. ఆ అదురు ఉన్నంతకాలమే డయాలసిస్ సాఫీగా సాగుతుంది. ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, రక్తం తీయకూడదు, దాన్ని పట్టుకుని మనిషిని లేపకూడదు. రాత్రుళ్లు ఆ పక్కకు ఒత్తిగిలకూడదని ఇంట్లో నాకు తెలుసు. ఆసుపత్రిలో ఆ చేతికే పట్టీ చుట్టబోతే కనీసం అరడజను సార్లు నేను తలుపు తోసుకుని లోపలికి వెళ్లి ఆపాను. నన్ను "బయట కూర్చోండి" అన్నారు. అన్నీ చూస్తూ బయట కూర్చోవడం ఎలాగో నాకు నేర్పలేదు.

ఫిస్టులా మూసుకుపోతే మెడ దగ్గర పైపు వేస్తారు. పైపుకు చీము పడుతుంది, జ్వరం వస్తుంది, మళ్లీ చేరాలి. కూలి పని చేసుకునే ఇంట్లో ఆ చేరిక అంటే ఇద్దరి కూలి పోవడం.

4. కొబ్బరి బోండం

డయాలసిస్ అయ్యాక నీరసంగా గోడకు జారగిలబడిన ఒక యువకుడికి మా ఆయా ఒకామె సొంత డబ్బుతో బోండం కొట్టించి తెచ్చింది. తల్లిలాంటి మనిషి. మనవైపు ఒంట్లో బాగాలేనివాడికి కొబ్బరినీళ్లు తాగించడం కన్నా పుణ్యం ఏముంది? కానీ మూత్రపిండాలు పనిచేయనివాడికి కొబ్బరినీళ్లలో ఉండే పొటాషియం బయటికి పోయే దారి లేదు. అది రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఆగిపోవచ్చు కూడా. పైగా ఆ రోజు శనివారం. మళ్లీ డయాలసిస్ మంగళవారం. ఈ పొడుగు విరామమే అన్నిటికంటే ప్రమాదమని డాక్టర్లే చెబుతారు. ఒక బోండంతో ఏమీ కాకపోవచ్చు. బోండం, అరటిపండు, మామిడిపండు, పథ్యం కదా అని ఉప్పు మానేసి దాని బదులు వాడే కొన్ని లో సోడియం ఉప్పులు, ఇవన్నీ ఒకే కోవలోవని ఆ ఆయాకు తెలిసి ఉంటే, తేవడం మానడమే కాదు, తెచ్చుకునే పదిమందిని ఆపేది. డైటీషియన్ ఇచ్చే చీటీ కంటే ఆయా మాట మీద మావాళ్లకు గురి ఎక్కువ. ఇది ఉపయోగించుకోవలసిన గురి.

5. పడుకోబెట్టడం

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. మేము మేడ మీద ఉన్నాం. శనివారం డయాలసిస్ అయింది. మంగళవారం వెళ్లలేకపోయాం. బుధవారం మధ్యాహ్నం పడవలో బయటపడేసరికి ఆమె ముఖం ఉబ్బిపోయి, ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి తీసుకుంటూ ఉంది. ఎవరో పుణ్యాత్ములు ఆటోలో ఆసుపత్రికి చేర్చారు.

గుమ్మంలో స్ట్రెచర్ తెచ్చిన మనిషి పాపం రెండు రోజులుగా ఇంటికి వెళ్లని మనిషి. "పడుకో అమ్మా, బాగా అలిసిపోయావు" అంటూ ఆమెను వెల్లకిలా పడుకోబెట్టి భుజాలు నొక్కి పట్టాడు, పడిపోకుండా. ఊపిరితిత్తుల్లో నీరు చేరిన మనిషి వెల్లకిలా పడుకుంటే నీళ్లలో మునిగినట్టే. ఆమె లేవబోయేది, అతను ఊరడిస్తూ పడుకోబెట్టేవాడు. ఆ పెనుగులాట నేను మరిచిపోలేను. వరదనీళ్లలోంచి తప్పించి తెచ్చిన మనిషిని స్ట్రెచర్ మీద ముంచేస్తున్నామని అరిచాను. డ్యూటీలో ఉన్న నర్సమ్మ పరుగెత్తుకొచ్చి కూర్చోబెట్టి, వెనకాల దిండ్లు పెట్టి, ఆక్సిజన్ పెట్టారు. ఆ నర్సమ్మకు ఈ లేఖలోనే నమస్కారం.

"డయాలసిస్ రోగి ఆయాసంతో వస్తే కూర్చోబెట్టండి." స్ట్రెచర్ తోసే ప్రతి మనిషికీ ఈ ముక్క తెలియాలి. కాబట్టి శిక్షణ డయాలసిస్ గది దగ్గరే ఆగిపోతే చాలదు, క్యాజువాలిటీ గుమ్మం దాకా రావాలి.

6. అంటురోగాలు, అందులో సిబ్బంది ప్రాణం కూడా

ఒక బెడ్డు దగ్గర తొడుక్కున్న గ్లవుజులతోనే పక్క బెడ్డు దగ్గరికి వెళ్లడం రోజూ చూస్తాను. హెపటైటిస్ బి వైరస్ ఎండిపోయిన రక్తపు మరకలో కూడా వారం రోజులు బతికి ఉంటుంది. అందుకే ఆ జబ్బు ఉన్నవారికి మిషన్ వేరుగా పెడతారు. మిషన్ వేరుగా పెట్టి చేతులు ఒకటే అయితే ఏం లాభం? గొట్టాలు ఎర్ర సంచిలో, సూదులు తెల్లని గట్టి డబ్బాలో వేయాలని 2016 నాటి వైద్య వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. గోడ మీద రంగుల బొమ్మ ఉంది, నిజమే. ఆ బొమ్మ కింద రాసిందంతా ఇంగ్లీషు. ఒక ఆయాకు సంచిలోని సూది గుచ్చుకుంటే చున్నీ కొసతో తుడుచుకుని పనిలో పడింది. హెపటైటిస్ బి టీకా వేయించుకున్నావా అని అడిగితే, "మాకు కూడా వేస్తారా?" అని ఎదురు అడిగింది.

7. దూరాల నుంచి వచ్చేవారు

నేను చదువుకున్నవాణ్ణి, గట్టిగా అరవగలను. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బు గురించి రాష్ట్రమంతా విన్నది. అలాంటి ఊళ్ల నుంచి తెల్లవారుజామున మొదటి బస్సు పట్టుకుని వచ్చేవారి తరఫున తలుపు తోసుకుని లోపలికి వెళ్లేవారు ఎవరు? బీపీ పడిపోయి ఇంటికి వెళ్లలేకపోతే రాత్రంతా వరండాలో పడుకోవాలి. రెండోవారం రావడం మానేస్తారు. రానివాళ్ల లెక్క ఏ రిజిస్టరులోనూ ఎక్కదు.

ఇక నేను అడగనిది కూడా చెబుతాను, లేకపోతే నా మాటను నాకే తిప్పికొడతారు. శిక్షణ ఇచ్చాం కదా అని ఆయాల చేత సూదులు గుచ్చించమని నేను అనడం లేదు. టెక్నీషియన్ పోస్టులు ఖాళీగా పెట్టి వీళ్లతో నెట్టుకురమ్మనీ అనడం లేదు. అమెరికాలో డయాలసిస్ సహాయకులు సూదులు కూడా వేస్తారు. కానీ అక్కడ 2008 నాటి నిబంధనల ప్రకారం వాళ్లు నిర్ణీత శిక్షణ పూర్తిచేయాలి, చేరిన 18 నెలల్లోగా పరీక్ష రాసి ధ్రువపత్రం తెచ్చుకోవాలి. మన దగ్గర 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కనీసం 2,000 గంటల చదువు ఉన్నవారికి వర్తిస్తుంది. డయాలసిస్ టెక్నీషియన్‌కు దానివల్ల ఒక హోదా వచ్చింది, సంతోషం. ఆయా, వార్డు బాయ్ ఆ గీతకు ఇవతలే ఉండిపోయారు. వాళ్లకు ఏం తెలిసి ఉండాలో చెప్పే కాగితం నాకు ఎక్కడా దొరకలేదు.

చాలామంది ఆయాలు డయాలసిస్‌ను సెలైన్ ఎక్కించడం లాంటిదే అనుకుంటారు. ఒక్క పూట చెబితే ఆ అపోహ పోతుంది. రక్తం ఒక గొట్టంలో బయటికి వస్తుంది, జల్లెడలాంటి ఫిల్టరులో తిరుగుతుంది, అవతలి వైపు నిమిషానికి అరలీటరు మందు నీరు పారుతుంది, నాలుగు గంటల్లో 120 లీటర్లు. ఇది విన్నాక ఆ అమ్మాయి, గోళ్ల రంగు అమ్మాయి, "అమ్మో, మా ఇంట్లో రెండు రోజుల వాడకం" అంది. ఆ రోజు నుంచి ఆ నీటిని శుద్ధిచేసే ప్లాంటు గది తలుపు తెరిచి ఉంటే తానే వెళ్లి మూసేది. ఈ పాఠం చెప్పింది డాక్టరు కాదు, నేను. ఒక కండక్టరు చెప్పవలసి రావడం మీకు సిగ్గుగా అనిపించకపోతే నేనేమీ చేయలేను.

నా డిమాండ్లు ఇవి.

1. శిక్షణ లేకుండా డయాలసిస్ గదిలో ఎవరికీ డ్యూటీ వేయకూడదు. పది రోజుల పాఠం, ఆ తర్వాత నెల రోజులు అనుభవం ఉన్న మనిషి పక్కన పని. ఇప్పటికే పనిచేస్తున్నవారికి షిఫ్టుల మధ్య, జీతం కోయకుండా.

2. పాఠం తెలుగులో ఉండాలి. పుస్తకం కంటే బొమ్మలు, చేసి చూపించడం ముఖ్యం. తూకం, కుర్చీ బరువు తీసివేత, ఫిస్టులా చెయ్యి, దుప్పటి, చేతులు కడగడం, సూది తీశాక ఎంతసేపు నొక్కాలి, ఏ లక్షణం కనిపిస్తే ఎవరిని కేక వేయాలి. ఇందులో ఏదీ పెద్ద చదువు కాదు.

3. ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి. సూది, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందు, మెడ పైపు మూతలు, మిషన్ మీటలు: వీటి జోలికి సహాయకులు పోకూడదు, వాళ్లను పొమ్మని ఎవరూ చెప్పకూడదు. అలారం మోగితే నొక్కి ఆపేయడం కూడా చేయకూడనిదే.

4. ప్రతి సహాయకుడికీ హెపటైటిస్ బి టీకా మూడు డోసులు ఉచితంగా వేయాలి, పనిచేసిందో లేదో రక్తపరీక్ష చేయాలి. సూది గుచ్చుకుంటే ఎక్కడికి వెళ్లాలో తెలియాలి.

5. శిక్షణ పొందినవారిని కనీసం రెండేళ్లు అక్కడే ఉంచాలి. ధ్రువపత్రం ఇవ్వాలి, దానికి తగ్గట్టు జీతం కొంత పెంచాలి. నేర్పి, మూడో నెలలో ఓపీకి పంపితే నేర్పడం ఎందుకు? ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ ఒప్పందంలోనే ఈ షరతు రాయాలి.

6. నేర్పేవారు లేరనకండి. విజయవాడలోనే ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ ఉంది. సిద్ధార్థ, గుంటూరు వైద్య కళాశాలలు ఉన్నాయి, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. పాఠ్యాంశాలు వీళ్లు కూర్చుని వారంలో రాయగలరు. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సు ఇప్పటికే ఉంది, దానికి డయాలసిస్ భాగం కలిపితే కొత్తవారికి సరిపోతుంది. పాఠం చెప్పేవాళ్లలో పాత టెక్నీషియన్లు, సీనియర్ స్టాఫ్ నర్సులు ఉండాలి. వీలైతే ఒక రోగిని కూడా పిలవండి. ఫిస్టులా అదురు ఎలా ఉంటుందో చేతిలో చెయ్యి పెట్టి చూపించడానికి నా భార్య సిద్ధంగా ఉంది.

7. కార్డు మీద డయాలసిస్ చేసే ఆసుపత్రికి బిల్లు చెల్లించేటప్పుడు శిక్షణ పొందిన సహాయకుల జాబితా కూడా అడగండి. ప్రైవేటువారు వినే భాష అదొక్కటే.

ముప్పై రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాను. పరిష్కారమైందని ఫోనుకు వచ్చే ముక్క కాకుండా, ఏ తేదీ నుంచి, ఏ ఆసుపత్రిలో, ఎంతమందికి అని అంకెలతో. జవాబు రాకపోతే మా షిఫ్టు రోగుల కుటుంబాలన్నీ సంతకాలు పెట్టి మళ్లీ వస్తాం.

గత నెల ఆ గోళ్ల రంగు అమ్మాయిని తిరిగి ఓపీకి పంపేశారు. ఆమె చోటులో ఇంటర్ ఫెయిలైన ఒక కుర్రాడు వచ్చాడు, నెమ్మదస్తుడు. చక్రాల కుర్చీలు కూడా కొత్తవి వచ్చాయి. వెనకాల ఏ అంకే లేదు. మొన్న మంగళవారం మా ఆవిడను తూకం మీదకు ఎక్కించి, కాగితం తీసి, నావైపు చూసి "ఇందులోంచి ఎంత తీసేయాలి బాబాయిగారూ?" అని అడిగాడు.

ఇట్లు
డయాలసిస్ రోగి భర్త, రిటైర్డ్ ఆర్టీసీ కండక్టరు
విజయవాడ